ముప్ఫై నాలుగు టన్నుల బొడ్డు

నేను పెట్టెలు చేసి పెట్టేవాడిని. బట్టల పెట్టెలు కాదు, సముద్రాలు దాటి పోయే యంత్రాలకి చెక్క పెట్టెలు. ఒక్కో పెట్టె ఒక్కో ఇల్లంత ఉంటుంది. మా ఆవిడా నేనూ అందులో కాపురం పెట్టొచ్చు, కిటికీ ఒక్కటే తక్కువ. మా కార్ఖానాలో రాళ్ళు నమిలే యంత్రాలు తయారవుతాయి. పైనుంచి కొండరాయి వేస్తే కిందనుంచి కంకర రాలుతుంది. మధ్యలో రెండు ఉక్కు పలకలు నోరు తెరిచి మూసినట్టు ఆడుతూ ఉంటాయి కాబట్టి మేం దాన్ని దవడ యంత్రం అంటాం. దానికీ నాకూ ఒక్కటే పోలిక అని తోటివాళ్ళు అంటారు. ఇద్దరికీ దవడ ఆగదట.

నిజమే. ముప్ఫై ఏళ్ళుగా మేకులు కొడుతున్నాను, దాంతోపాటు కోతలూ కోస్తున్నాను. చెక్కపని చక్కగా చేస్తాను, చక్కగా చేశాక చెక్కేస్తాను. బరువు తెలియనివాడికి పరువుండదని కొత్తవాళ్ళకి పాఠం చెప్తాను. రేవు పనికి రేపు పనికిరాదని లారీవాళ్ళని తరుముతాను. నా అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. నవ్వుల మేస్త్రి అంటే మాత్రం మా షెడ్డు నుంచి రేవు గేటు దాకా అందరికీ తెలుసు. అది నాకెంతో గొప్పగా ఉండేది, ఆ బుధవారం పొద్దున్న పది గంటల దాకా.

ముందు బొడ్డు సంగతి చెప్పాలి. దవడ యంత్రానికి బరువంతా ఒక చివరే ఉంటుంది. దవడా, దాన్ని ఆడించే రెండు పెద్ద చక్రాలూ అటువైపే. రెండో చివర ఊరికే సాగిన తోకలాంటిది. పెట్టె మూసి మేకులు కొట్టేశాక బయటినుంచి చూస్తే ఏది దవడో ఏది తోకో కన్నతల్లికి కూడా తెలియదు. అందుకని పెట్టెకి రెండు పొడుగాటి పక్కలా నల్లరంగుతో ఒక గుర్తు వేస్తాం. గుండ్రం, అందులో కూడిక గుర్తులా అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ గీతలు. బరువు సరిగ్గా ఇక్కడ తూగుతుంది అని దాని అర్థం. పుస్తకాల్లో దాన్ని గురుత్వ కేంద్రం అంటారు. అంత మాట మోయలేక మా షెడ్డులో బొడ్డు అంటాం. రేవులో పెట్టెకి తాళ్ళు తగిలించేవాడు బొడ్డు చూసుకుని, దానికి అటొక తాడూ ఇటొక తాడూ వేస్తాడు. అప్పుడు క్రేను లేపుతుంది. బొడ్డులో తేడా వస్తే తాడులో తేడా వస్తుంది. ఆ తాడుకీ ఆ తేడాకీ మధ్య ఒక మనిషి నిలబడి ఉంటాడు.

ఆ మనిషి మా బావమరిది.

రేవులో వాడిని కొక్కెం అంటారు. సన్నగా, పొడుగ్గా, పైన కాస్త వంగి ఉంటాడు. మా ఆవిడకి ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. మా ఆవిడ కాపురానికి వస్తూ ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఒక చేత్తో వాడినీ పట్టుకుని వచ్చింది. నేను ట్రంకు పెట్టె అందుకోబోతే, ముందు వాడిని అందుకోండి, పెట్టె ఎక్కడికీ పారిపోదు అంది. అలా అందుకున్నవాడిని ఇరవై రెండేళ్ళుగా దించలేదు. వాడిని రేవు పనిలో పెట్టించిందీ నేనే.

పనిలో వాడు మహా జాగ్రత్త మనిషి. ఎవరి పెట్టె వచ్చినా ముందు ఒక్క జానెడు లేపించి ఆపిస్తాడు. మనుషులందరినీ దూరంగా నిలబెట్టి పది లెక్కపెడతాడు. పెట్టె వాలకుండా నిలిస్తేనే పైకి. దాన్ని వాళ్ళు జానెడు పరీక్ష అంటారు. అందరి పెట్టెలకీ ఆ పరీక్ష ఉంది, నా పెట్టెలకి తప్ప. మా బావ వేసిన బొడ్డుకి పరీక్ష ఏంటి, నామోషీ కాదూ, అంటాడు. ఒకే ఊపులో లేపించేస్తాడు. లేచేటప్పుడు పెట్టె ఊగకుండా తేలిక చివర చెయ్యి ఆనించి నిలబడతాడు. ఏది తేలిక చివరో వాడికి చెప్పేది కూడా నా బొడ్డే. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పుకుని ఛాతీ విరుచుకున్నానో లెక్కలేదు. ఒకసారైనా, ఒరేయ్, నాది కూడా చూడరా అని ఉండాల్సింది. అనలేదు.

ఇక బుధవారం. క్యాంటీన్లో టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు బాబాయి. బాబాయి అంటే నాకు బాబాయి కాదు, షెడ్డంతటికీ బాబాయి. నలభై ఏళ్ళ సర్వీసున్న ఫిట్టరు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. తప్పు ఒప్పుకోగా విన్నవాళ్ళు అసలే లేరు.

"నిన్న నీ పని కూడా నేనే చేసిపెట్టానయ్యా మేస్త్రీ" అన్నాడు.

"నా పని నువ్వు చేస్తే, నీ పని ఎవరు పాడు చేశారు బాబాయ్?"

"వెటకారాలకేం గానీ, యంత్రాన్ని తిప్పి దించాం కదా. మరి పెట్టె పక్క పలకలు మార్చాలి కదా. నువ్వు భోజనానికి పోయావు. మా ఫిట్టర్లని పిలిచి నేనే మార్పించేశా. ఇటుది అటు, అటుది ఇటు."

నా గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

జరిగింది ఇది. మా షెడ్డు క్రేను గోడ దాకా పోదు. అందుకని ముందు అనుకున్నట్టు దవడని గోడవైపు కాకుండా తలుపువైపు తిప్పి యంత్రాన్ని దించారు. బొడ్డు గుర్తులు నేను పలకల మీద అంతకు రెండు రోజుల ముందే వేసి ఉంచాను. యంత్రం తిరిగింది కాబట్టి ఎడమ పలక కుడికీ కుడి పలక ఎడమకీ మార్చేస్తే గుర్తు మళ్ళీ దవడవైపుకి వచ్చేస్తుంది. చిన్న పని. పది నిమిషాలు. యంత్రాన్ని తిప్పినంత మాత్రాన తిప్పలు రావు.

"బాబాయ్" అన్నాను. "నేనూ మార్చాను."

"ఏం మార్చావు?"

"పలకలు. భోజనం చేసి వచ్చాక, మా వడ్రంగుల చేత. ఇటుది అటు. అటుది ఇటు."

"నేను మార్చాక మళ్ళీ ఎందుకు మార్చావు?"

"నువ్వు మార్చావని నాకెవరు చెప్పారు? నేను వచ్చేసరికి మీరంతా భోజనానికి పోయారు."

"చూస్తే తెలీదా?"

"బోర్లా పడుకున్న పలకని చూస్తే ఏం తెలుస్తుంది బాబాయ్, వీపు తెలుస్తుంది."

అదీ మా పద్ధతి. పలకలు యంత్రానికి రెండు పక్కలా నేలమీద బోర్లా పరిచి ఉంటాయి, రంగు వేసిన ముఖం కిందికి. తాళ్ళతో లేపి నిలబెడితేనే ముఖం బయటికొస్తుంది. అప్పటికి యంత్రానికి వెండిరంగు పట్టా చుట్టేసి ఉంటుంది కాబట్టి దవడ ఎటుందో కనపడదు. వడ్రంగులకి పన్నెండింటికి భోజనం, ఫిట్టర్లకి పన్నెండున్నరకి. ఆ అరగంట తేడాలో ఇద్దరు బుద్ధిమంతులు ఒకే తప్పుని చెరోసారి సరిచేశారు. రెండుసార్లు సరిచేసిన తప్పు మళ్ళీ తప్పే. మా షెడ్డులో పెట్టెని క్రేనుతో లేపం. రోలర్ల మీద నెట్టి ట్రైలర్ ఎక్కిస్తాం. కాబట్టి దాన్ని మొట్టమొదట లేపేది రేవులోనే. ట్రైలర్ తెల్లారగానే వెళ్ళిపోయింది. గోడ మీది కాగితంలో మా పెట్టె ఎక్కింపు పదకొండున్నరకి అని ఉంది. గడియారంలో పదీ ఇరవై.

కొక్కేనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తడని నాకు తెలుసు. రేవులో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర ఇనుప అరలో పెట్టి తాళం వేసుకుని పోవాలి. తెలిసీ మూడుసార్లు చేశాను.

రేవు ఆఫీసుకి చేశాను. ఒక గుమాస్తా ఆవిడ ఎత్తింది. ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి. పోయిన నెల నేనే గొంతు మార్చి, మీ ఓడ లంగరు మా పెరట్లో పడింది, సాయంత్రంలోగా తీసుకెళ్ళకపోతే బట్టలారేసుకుంటాం అని అదే నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తింది ఆవిడే.

"లంగరు గారా?" అంది. "ఇవాళ ఏం పడింది?"

"అమ్మా, ఇది తమాషా కాదు. పదకొండున్నరకి లేపే దవడ యంత్రం పెట్టె ఉంది చూడండి, దాన్ని లేపొద్దని చెప్పండి. బొడ్డు తప్పు."

"ఏంటి తప్పు?"

"బొడ్డమ్మా, బొడ్డు."

పక్కవాళ్ళకి వినపడేలా నవ్వి పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మేనేజరు వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆయన ఎత్తాడు గానీ ఎత్తడమే ఎదురు ప్రశ్న. "కచ్చితమేనా? ఈ ఓడ తప్పితే ఇంకో ఓడ ఇరవై ఆరు రోజులకి. జరిగింది కాగితం మీద రాసి పంపు, ఏజెంటుతో మాట్లాడతాను." కాగితం రాసేలోపు మనిషి కాగితంలా అయిపోతాడండీ అన్నాను. ఏంటయ్యా ఆ మాటలు, ఎప్పుడూ అంతేనా అన్నాడు. నేను తమాషాకి అనలేదు. నా నోట్లోంచి మాట అలాగే వస్తుంది. దగ్గు అలవాటైనవాడు ఏడ్చినా దగ్గినట్టే ఉంటుంది.

బాబాయి అప్పటికే తన మోటారు సైకిలు బయటికి తీసి నిలబెట్టాడు. దాని వయసు మా బావమరిది వయసు. వెనక ఎక్కి కూర్చున్నాను.

"తొక్కు బాబాయ్."

"నలభై దాటితే ఇది ఊగుతుంది."

"ఊగనీ."

"పడితే ఇద్దరం చేరేది రేవుకి కాదు."

నలభైలోనే పోయాడు. పావుగంట పోయాక గాలికి ఎదురుగా అరిచాడు. "పలక వీపున సుద్దముక్కతో ఒక టిక్కు పెడితే ఏం పోయేది?"

"పెట్టాల్సింది మార్చినవాడు."

"నువ్వూ మార్చావుగా."

ఎవరైనా నా నోరు మూయిస్తే మామూలుగా అయితే వారం రోజులు గుర్తు పెట్టుకుంటాను. అప్పుడు నా కళ్ళముందు ఒక్కటే బొమ్మ. మా కొక్కెం అలవాటు ప్రకారం నా గుర్తు చూసుకుంటాడు. తేలిక చివర అనుకుని నేరుగా దవడ చివరకి నడుస్తాడు. ముప్ఫై నాలుగు టన్నుల్లో ముప్పాతిక భాగం ఉన్న చివర. అక్కడ చెయ్యి ఆనిస్తాడు, నెమ్మదిగా, ఆవు వీపు మీద ఆనించినట్టు. పైకి చూసి బొటనవేలు ఎత్తుతాడు.

జేబులో ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఏవండీ, తమ్ముడు ఫోన్ ఎత్తట్లేదు. సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్తానన్నాడు. గుర్తుందో లేదో. మీకేమైనా కలిశాడా?"

"వాడు పనిలో ఉంటాడు కదా."

"అదేంటి, మీ గొంతు అలా ఉంది?"

"గాలి."

"గాలి కబుర్లు మీకు కొత్తా? ఎక్కడున్నారు?"

"బండి మీద. బాబాయితో. పనిమీద."

"సరే, వాడు కనిపిస్తే అయిదింటికల్లా రమ్మనండి. వస్తాడంటారా?"

"వస్తాడు" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకోవడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది, జేబు దొరకలేదు. ఏ అధికారంతో వస్తాడన్నానో నాకు తెలియదు.

రేవు రోడ్డు మొదట్లోనే కంటెయినర్ లారీలు నిలిచిపోయి ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి, కిలోమీటరు పైన. బాబాయి లారీలకీ కాలవకీ మధ్య జానెడు సందులో బండి దూర్చాడు. అద్దం ఒకటి లారీ చక్రానికి తగిలి విరిగి పడింది. ఆయన వెనక్కి చూడలేదు. ఆ బండి మీద దుమ్ము పడితేనే చొక్కా అంచుతో తుడిచే మనిషి. అప్పుడు తెలిసింది నాకు, ఆయన కూడా భయపడుతున్నాడని.

గేటు చేరేసరికి పదకొండూ పంతొమ్మిది.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ ఉంది. నీలం యూనిఫాం, చేతిలో వాకీటాకీ, బల్ల మీద రిజిస్టరు. "పాస్?" అంది.

"లేదమ్మా. మా పెట్టె లోపల ఉంది. లేపకుండా ఆపాలి. మనిషి ప్రాణం."

"హెల్మెట్? బూట్లు?"

"లేవు."

"అవి ఇస్తాను. కానీ పాస్ లేనివాళ్ళు ముందు ఆ గదిలో జాగ్రత్తల సినిమా చూడాలి సార్. ఇరవై రెండు నిమిషాలు. చివర్లో సంతకం. అది లేకుండా గేటు తీస్తే నా ఉద్యోగం పోతుంది."

పక్క గదిలో సినిమా ఆడుతూనే ఉంది. ముగ్గురు డ్రైవర్లు కుర్చీల్లో కునుకుతున్నారు. తెరలోంచి ఒక గొంతు తీరిగ్గా చెప్తోంది: వేలాడే బరువు కింద గానీ పక్కన గానీ ఎన్నడూ నిలబడరాదు.

"అమ్మా, ఆ సినిమాలో చూపించేది లోపల నిజంగా జరగబోతోంది. టికెట్టు లేకుండా" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్విందంటే నేను చచ్చానన్నమాట. "మీరు నవ్వుల మేస్త్రి గారు కదూ" అంది. "మా వాళ్ళు చెప్తుంటారు."

ఆ పేరు వదిలించుకోవడానికి ఇనుప గేటు పట్టుకుని ఊపాను. నవ్వు లేకుండా మాట్లాడదామని చూశాను. గొంతు ఎవరిదో పరాయివాడిది వచ్చింది, సన్నగా, చిరిగినట్టు. నిజం చెప్పడానికి వేరే గొంతు ఉంటుందేమో. నేనెప్పుడూ దాన్ని వాడి చూడలేదు. "తల్లీ, లోపల ఉన్నది నా బావమరిది. నేను వేసిన గుర్తు తప్పు. వాడు దాన్ని నమ్మి నిలబడతాడు. నిలబడినచోటే పోతాడు. నన్ను లోపలికి పంపొద్దు. కట్టేసి కూర్చోపెట్టు. కానీ ఆ రేడియోలో చెప్పు."

ఆవిడ నవ్వు ఆపి నా ముఖం చూసింది. వాకీటాకీ ఎత్తింది. అవతల ఓడ దగ్గరి సూపర్‌వైజరు, ఆమె కూడా ఆడమనిషే.

"మేడం, గేటు నుంచి. ఆ పెద్ద పెట్టె మీద గుర్తు తప్పట, లేపొద్దంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"నవ్వుల మేస్త్రి గారు."

"ఓహో, ఆయనా. టీ ఇచ్చి కూర్చోపెట్టు. తాళ్ళు వేసేశాం, ఓడ వెళ్ళే టైమైంది."

ఆ వెనక, క్రేను హోరులో, వాడి గొంతు వినిపించింది. "ఎవరు, మా బావా? ఏంటంట?" ఎవరో ఏదో చెప్పారు. వాడు నవ్వాడు. "బొడ్డు తప్పా? మా బావ దగ్గర అన్నీ తప్పుతాయి, మాట తప్పుతుంది, టైము తప్పుతుంది. బొడ్డు తప్పదు. లేపండి."

వాకీటాకీ గరగరమని ఆగిపోయింది.

ఆవిడ చేతిలోంచి అది లాక్కుని ఏదో అరిచాను. బొత్తాం నొక్కాలని తెలియదు. నా అరుపు నాకే మిగిలింది. అప్పుడు బాబాయి నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. బొత్తాం ఎక్కడుందో చూసుకున్నాడు. నొక్కాడు. కొలత చదివినట్టు మాట్లాడాడు.

"అమ్మా, నేను ఆ యంత్రం బిగించిన ఫిట్టర్ని. నలభై ఏళ్ళ సర్వీసు. నాకు తమాషాలు రావు. పెట్టె పక్కలు నేనొకసారి మార్చాను, మేస్త్రి ఒకసారి మార్చాడు. నేను చెప్పలేదు. తప్పు నాది. దవడ మీరనుకుంటున్న చివర లేదు, రెండో చివర ఉంది. మీరు తోక అనుకుంటున్న వైపు ఎవరైనా ఉంటే తీసెయ్యండి. తప్పు నాది."

బాబాయి బొత్తాం వదిలాడు. తర్వాత సూపర్‌వైజరమ్మ గొంతు, ఇందాకటి గొంతు కాదు. "క్రేను ఆపు. ఆపు. అందరూ వెనక్కి. కొక్కెం, వెనక్కి రా. కొక్కెం."

చప్పుడు రెండుసార్లు వచ్చింది. మొదట వాకీటాకీలో, పుల్ల విరిగినట్టు చిన్నగా. తర్వాత గాలిలో, నేలలో, నా అరికాళ్ళలో. బల్ల మీది రిజిస్టరు కదిలింది.

తర్వాత అంతా మామూలుగా ఉంది. అదే నేను భరించలేకపోయాను. లారీ ఒకటి హారన్ కొట్టింది. పక్క గదిలో సినిమా గొంతు చేతి తొడుగులు ఎలా వేసుకోవాలో చెప్తోంది. సెక్యూరిటీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబాయి వాకీటాకీని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. అందులో ఎవరో పరుగెడుతున్న ఆయాసం, ఎవరో ఎవరినో పిలవడం.

సూపర్‌వైజరమ్మ మనుషుల్ని లెక్కపెడుతోంది. "ఓడ మీద నలుగురు. ట్రైలర్ డ్రైవరు ఉన్నాడు. తాళ్ళవాళ్ళు... ఒకడు, ఇద్దరు. మూడోవాడేడీ? కొక్కెం ఎక్కడ?"

నేను మా ఆవిడకి ఏం చెప్పాలో వెతుక్కున్నాను. అంత మాటకారిని, ఒక్క ముక్క దొరకలేదు. ఆమె ట్రంకు పెట్టెతో మా గుమ్మంలో నిలబడి, ముందు వాడిని అందుకోండి అన్నది మాత్రం వినపడుతోంది.

"ఉన్నాడు" అంది వాకీటాకీ. "పెట్టె అవతల ఉన్నాడు. నిలబడే ఉన్నాడు. మనుషులకి ఏం కాలేదు." కాస్త ఆగి, "గేటు, ఆ ఇద్దరినీ లోపలికి పంపు. సినిమా అక్కర్లేదు."

హెల్మెట్ ఎవరు పెట్టారో తెలియదు. కళ్ళ మీదికి జారుతుంటే చేత్తో పట్టుకుని నడిచాను.

పెట్టె ట్రైలర్ మీదినుంచి వెనక్కి జారి పడింది. తేలిక చివర మాత్రమే లేచిందట. మనిషెత్తు లేచేసరికి తాళ్ళు జారిపోయాయట. దవడ చివర కాంక్రీటులోకి దిగి, ఆ మూల పలకలు పగిలి నోరు తెరుచుకున్నాయి. లోపల ఉక్కు పళ్ళు కనిపిస్తున్నాయి. వెండి పట్టా చిరిగి గాలికి కొట్టుకుంటోంది. పధ్నాలుగు నెలలు రెండు వందలమంది చేసిన యంత్రం. నేను దాన్ని చూడలేదు. దాని కింద చూశాను. ఆ మూల కింద తోలు తొడుగు ఒకటి ఉంది, సగం లోపలికి, వేళ్ళు బయటికి. అందులో చెయ్యి లేదని తెలుసు. తెలిసీ వంగి రెండోసారి చూశాను.

వాడు పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతికే తొడుగు. రెండో చేతిని దాంతో పట్టుకుని, పోగొట్టుకుని దొరికినదాన్ని చూసినట్టు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ఒరేయ్" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. "వెనక్కి రమ్మంటే ముందు రాలేదు బావా. నువ్వే కదా అని నవ్వాను."

"మరి ఎలా వచ్చావు?"

"బాబాయి గొంతు వినపడింది. ఆయన తప్పు నాది అన్నాడంటే, ఎక్కడో ఏదో పెద్దదే కూలుతోందనుకున్నా. చెయ్యి తీశాను. తొడుగు చెక్కకి పట్టుకుంది. అది వదిలేసి దూకాను."

ఏదైనా అందామని నోరు తెరిచాను. వాడు నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

సూపర్‌వైజరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో కాగితాలు నలిగి ఉన్నాయి. "ఓడ ఇది లేకుండానే పోతుంది. కానీ ఇది ఇక్కడ పడుంటే వెనకొచ్చే ఓడకి చోటు లేదు. గంటలో తీయాలి. బరువు ఎక్కడుందో ఇప్పుడు చెప్పండి. మాటల్లో కాదు, గుర్తు వేసి చెప్పండి. మేస్త్రిగారూ, మీరే. మీ మేనేజరుతో తర్వాత మాట్లాడతాను."

మేనేజరు సంగతి నాకు తెలుసు. నా సంగతి కూడా తెలుసు. రేపు ఈపాటికి షెడ్డులో నా సుత్తి ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ ఆలోచన వచ్చింది, కూర్చోకుండానే వెళ్ళిపోయింది. ఎవరో రంగు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టారు. బాబాయి దాని మూత తీశాడు.

"టేపు తీయండి" అన్నాడు కొక్కెం.

ఆరు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పెట్టె. దవడ చివరినుంచి రెండు మీటర్ల పది. కళ్ళు మూసుకుని చెప్పగలిగిన అంకె. వాడు టేపు కొసని పగిలిన మూలకి ఆనించి పట్టుకున్నాడు. నేను రెండో కొస పట్టుకుని నడిచాను. రెండు మీటర్ల పది దగ్గర వేలు పెట్టాను. తీశాను. మళ్ళీ కొలిచాను. మూడోసారి కొలిచాను. మూడుసార్లూ అక్కడే వచ్చింది, మూడుసార్లూ నేను నమ్మలేదు.

"రెండు పది" అన్నాను. "ఇక్కడే."

వాడు టేపు కొసని బాబాయి చేతికిచ్చాడు. పెట్టె పక్కనే నడిచి నా దగ్గరికి వచ్చాడు. నా వేలు పట్టుకుని పక్కకి తీశాడు, చంటిపిల్లవాడి వేలు తీసినట్టు, మెల్లగా. తొడుగు లేని చేతి గోరు టేపు మీద పెట్టి, వంగి, అంకె తనే చదువుకున్నాడు.

చదివి, "ముందు జానెడే లేపుదాం. అందరూ వెనక్కి" అన్నాడు. "బావా, నువ్వూ."